ఊరంతటికీ గుర్తున్న గోల్

ప్రతి ఆగస్టులో సీజన్ మొదలయ్యే రోజున హసింతోని పిల్లల ముందు నిలబెట్టేవారు. షికాగో దగ్గర నేపర్‌విల్‌లోని ఆ సాకర్ క్లబ్బుకి హెడ్ కోచ్ బ్రెంట్. అతను హసింతో భుజం మీద చెయ్యి వేసి, వెనక గోడ మీద అతని పాత ఫొటో చూపించి, ఏటా ఒకే కథ చెప్పేవాడు.

"ఈయన్ని చూడండి. తలకి దెబ్బ తగిలింది. స్పృహ తప్పింది. ఇంకొకడైతే స్ట్రెచర్ ఎక్కేవాడు. ఈయన లేచాడు! లేచి, అదే తలతో గోల్ కొట్టాడు. మన క్లబ్బులో పడ్డవాళ్ళు ఏం చేస్తారు?"

"లేస్తారు!" అని పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచేవారు.

హసింతో నవ్వి టోపీ తీసేవాడు. కణత దగ్గర మచ్చ చూపించేవాడు. తర్వాత గీతలు గీసే బండి తోసుకుంటూ, ఎండ పడకుండా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మైదానంలోకి వెళ్ళిపోయేవాడు. అక్కడ గడ్డి కొయ్యడం, తెల్లగీతలు గియ్యడం అతని ఉద్యోగం. బుధవారాలు మాత్రం ముందువరసలో ఆడే పిల్లలకి గోల్ కొట్టడం నేర్పేవాడు.

బ్రెంట్ చెప్పే కథలో అబద్ధం లేదు. కానీ అందులో సగమే ఉంది. మిగతా సగం ఇది.

ఉత్తర స్పెయిన్‌లో సాన్ తెల్మో అని ఒక చిన్న రేవు ఊరు. చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ, దాని వాసన, దాని మీద బతికే జనం. హసింతో తండ్రి ఆ రేవులో మూటలు మోసేవాడు. 1989లో ఆ ఊరి జట్టు ఎన్నడూ లేనిది కప్పు పోటీల్లో ఒక పెద్ద నగరం జట్టుతో తలపడింది. హసింతోకి ఇరవై నాలుగేళ్ళు. కార్నర్ నుంచి వచ్చిన బంతి కోసం గాల్లోకి ఎగిరాడు. అవతలివాడి మోచెయ్యి కణతకి తగిలింది. చెట్టు కూలినట్టు పడిపోయాడు. జట్టుకి మార్చుకోవడానికి మనుషులు మిగల్లేదు. ఘాటు వాసన సీసా ముక్కు దగ్గర పెట్టారు. నెత్తిన చన్నీళ్ళు పిండారు.

"ఎక్కడున్నావురా?" అని కోచ్ అడిగాడు.

"ఇంట్లో" అన్నాడు హసింతో.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కట్టు కట్టి, వీపు తట్టి, మళ్ళీ లోపలికి తోశారు. ఆ కట్టుతోనే, ఆట చివర్లో, అతను గోల్ కొట్టాడు. సాన్ తెల్మో గెలిచింది. జనం అతన్ని మోసుకుంటూ రేవు దాకా తీసుకెళ్ళారు. ఫ్యాక్టరీకి సెలవిచ్చారు. వీధుల్లో ఏడ్చారు, తాగారు, ముద్దులు పెట్టుకున్నారు.

ఇవన్నీ హసింతోకి ఎవరో చెబితేనే తెలుసు. అతనికి తెలివి వచ్చేసరికి మర్నాటి సాయంత్రం అయింది. అమ్మ వంటింట్లో కూర్చుని ఉన్నాడు. బల్లమీద పేపరుంది. అందులో తలకి కట్టుతో గాల్లో తేలుతున్న ఒక మనిషి ఫొటో ఉంది. ఎవరా అని కాసేపు చూశాడు.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? వాకిట్లో జనం నిలబడి అతని పేరు పాడుతున్నారు. సందు చివర బార్లో ఆ ఆట టేపు రోజూ వేసేవారు. ఒక మూల కూర్చుని, పిల్లలు పాఠం బట్టీ పట్టినట్టు తన గోల్ తాను బట్టీ పట్టాడు. "గోల్‌కీపర్ ఎడమకాలు కదలడం చూశాను, కుడివైపు కొట్టాను" అని చెప్పడం నేర్చుకున్నాడు. దెబ్బ తిన్నవాణ్ణి మళ్ళీ ఆటలోకి తోసినవాళ్ళని ఒక్కమాట అనలేదు. వాళ్ళు చేసిన తప్పుకి ఊరు పెట్టిన పేరు అతని ధైర్యం. ఆ పేరునే ఒంటి మీద చొక్కాలా వేసుకుని తిరిగాడు.

తర్వాత పెద్ద డివిజన్ క్లబ్బులు కొనుక్కున్నాయి. తలతో కొట్టే స్ట్రైకర్ అంటే హసింతోయే అన్నారు. పత్రికలు అతని నుదుటి గురించి రాశాయి. తలనొప్పుల గురించి ఎవరూ రాయలేదు. పాత దెబ్బ మీద ఎన్ని కొత్త దెబ్బలు పడ్డాయో అతనికే లెక్క తెలియదు. కాలు ఆడకపోతే బయట కూర్చోబెట్టేవారు. తల తిరుగుతోందంటే మంచినీళ్ళు తాగమనేవారు.

2001లో, ముప్పై ఆరేళ్ళ వయసులో, షికాగోలో నాలుగ్గోడల మధ్య ఆడే ఒక ఇండోర్ జట్టు పిలిస్తే భార్య అంపారోతో కలిసి వచ్చాడు. రెండు సీజన్లకే ఆ జట్టు మూతపడింది. నేపర్‌విల్ క్లబ్బువాళ్ళు మంచి పేరున్న మనిషి కదా అని గడ్డికోత పని ఇచ్చారు. అప్పటికే అతను వెలుగు భరించలేకపోయేవాడు. పగలు కూడా తెరలు దించేవాడు. చిన్న చప్పుడికి గిన్నె విసిరికొట్టేవాడు, తర్వాత ఆ ముక్కలు ఏరుతూ ఏడ్చేవాడు.

"నేను నీతో కాదు, ఈ చీకటితో కాపురం చేస్తున్నాను" అంది అంపారో. 2004లో సాన్ తెల్మోకి తిరిగి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది రైలుపట్టాల పక్కన ఒక గది. పొద్దున షికాగో వెళ్ళే బళ్ళు, సాయంత్రం వచ్చే బళ్ళు. ప్రతి మే నెలలో, గోల్ కొట్టిన రోజున, సాన్ తెల్మో బారు నుంచి ఫోన్ వచ్చేది. చేతులు మారుతూ తిరిగేది ఆ ఫోను. "చెప్పు హసింతో, ఎలా కొట్టావు?" అనేవారు తాగిన గొంతులతో. అతను బట్టీ పట్టింది అప్పజెప్పేవాడు. అవతల చప్పట్లు. ఏడాది పొడుగునా అతన్ని పేరు పెట్టి పలకరించే స్నేహితులు వాళ్ళే. తన జీవితంలోకెల్లా గొప్ప క్షణం ప్రపంచంలో అందరికీ గుర్తుంది, తనకి తప్ప. ఆ సంతోషంలో కూర్చోవడానికి తనకే చోటు లేదు. ఇంతకంటే ఒంటరితనం ఏముంటుంది?

బుధవారం పిల్లల్లో పెర్సిస్ ఒకతి. 2009లో దానికి పన్నెండేళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఊడిపోయే జడతో ఉండేది. తండ్రి జయరాజుది నరసాపురం. రోజూ రైల్లో షికాగో వెళ్ళి డేటాబేస్ ఉద్యోగం చేసుకుని వస్తాడు. శనివారం మాత్రం మైదానం గీత పక్కన నిలబడి, అమెరికా తండ్రుల మధ్య, తెలుగులో అరుస్తాడు: "కొట్టమ్మా! అదీ! వదలకు!" తల్లి మణి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. ఆమెకి ఈ ఆట పెద్దగా నచ్చదు. "ఆ మోకాళ్ళు చూడండి, గోడకి గీకిన సొరకాయల్లా ఉన్నాయి" అంటుంది.

పెర్సిస్‌కి హసింతో నేర్పిన మొదటి పాఠం బంతితో కాదు. "స్ట్రైకర్ పనిలో సగం ఒంటరిగా నిలబడటం. ఆటంతా వెనకాల జరుగుతుంటుంది. నిన్నెవరూ చూడరు. అయినా నువ్వక్కడే ఉండాలి" అన్నాడు.

"బోర్ కొట్టదా కోచ్?"

"కొడుతుంది. కొట్టినా ఉండాలి."

రెండో పాఠం తలతో కొట్టడం. దాన్ని నేర్పింది అతనే.

ఆ అక్టోబరులో సెమీఫైనల్ జరిగిన శనివారం హసింతో చివరి మైదానంలో గీతలు గీస్తున్నాడు. అటువైపు నుంచి ఒక అరుపు, కాసేపటికి పెద్ద కేక వినిపించాయి. పెర్సిస్ గోల్ కొట్టిందని, జట్టు ఫైనల్‌కి వెళ్ళిందని తర్వాత తెలిసింది. సంతోషించాడు. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం జయరాజు అతన్ని తమ తెలుగు చర్చికి భోజనానికి పిలిచాడు.

"కృతజ్ఞత కూడిక పెట్టుకున్నామండీ కోచ్ గారూ. మా పాప గురువు మీరు. రాకపోతే ఊరుకోను."

తెలుగువాళ్ళు ఒక అమెరికన్ చర్చి హాలు మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకుంటారు. హసింతోని ముందువరసలో కూర్చోబెట్టారు. పక్కన పెర్సిస్. తెలుగు అర్థం కాదు కాబట్టి అది చెవిలో ఇంగ్లీషులో చెబుతూ ఉండాలని ఏర్పాటు. పాటలయ్యాక జయరాజు సాక్ష్యం చెప్పడానికి మైకు దగ్గరికి వెళ్ళాడు. దేవుడు తమకి చేసిన మేలుని సభ ముందు చెప్పుకోవడం వాళ్ళ రివాజు.

"బ్రదర్, క్లుప్తంగా! బిరియానీ చల్లారిపోతోంది" అన్నాడు వెనకనుంచి సంఘపెద్ద రవికుమార్. హాలంతా నవ్వింది.

"క్లుప్తంగానే అన్నా. నిన్న మా పెర్సీ ఆడుతుంటే ఇంకో పిల్ల తల వచ్చి దీని తలకి ఠాప్‌మని తగిలింది. పడిపోయింది. కళ్ళు తేలేసింది. నా ప్రాణం పోయింది! అక్కడే మోకరించి ప్రార్థన చేశాను. లేమ్మా, యేసయ్య పేరున లే అన్నాను. లేచింది! హెడ్ కోచ్ మళ్ళీ ఆటలోకి పంపాడు. అదే తలతో గోల్ కొట్టింది నా కూతురు!"

"స్తోత్రం!" అంది హాలు.

వెనకవరసలో మణి మాత్రం అనలేదు. "తలకి చిన్నగా తగిలింది, అమృతాంజనం రాశాను" అని మాత్రమే ముందురోజు చెప్పాడు ఆమెకి మొగుడు.

హసింతో చెవిలో పెర్సిస్ గొంతు తడబడింది. అది పైనున్న ట్యూబులైట్ల వైపు చూడకుండా తల వంచుకుని ఉండటం అతను వచ్చినప్పుడే గమనించాడు. ఆ వంచుకోవడం అతనికి బాగా తెలుసు.

"కోచ్, ఒకటి చెప్పనా? డాడీ చెప్తున్న గోల్ నాకు గుర్తులేదు. కార్‌లో ఇంటికి వెళ్ళడమే గుర్తుంది. ఎవరికీ చెప్పకండి, ప్లీజ్. వచ్చే శనివారం ఫైనల్. ఆడనివ్వరు."

హసింతోకి అమ్మ ఇల్లు గుర్తొచ్చింది. వంటిల్లు, బల్ల, పేపరు, ఫొటో. ఇరవై ఏళ్ళ కిందటి ఆ సాయంత్రం పన్నెండేళ్ళ పిల్ల రూపంలో వచ్చి పక్కన కూర్చుంది. దీనికి ఆ కథ చెప్పిందెవరు? బ్రెంట్. పక్కన నిలబడి నవ్విందెవరు?

"ఇప్పుడు మా పాప గురువుగారు రెండు మాటలు చెబుతారు!" అని జయరాజు పిలిచాడు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ కోసం ఇంగ్లీషు ప్రసంగాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెప్పడం అక్కడ అలవాటు. రవికుమార్ రెండో మైకు పట్టుకుని ఉత్సాహంగా పక్కన నిలబడ్డాడు.

హసింతో లేచి మైకు దగ్గరికి నడిచాడు. పిల్లకి మాట ఇచ్చినట్టే. దాని గుట్టు విప్పలేడు. విప్పగలిగింది తనదొక్కటే. విప్పితే? ఆగస్టులో ఆ భుజం మీద చెయ్యి ఉండదు. మేలో ఆ ఫోన్ ఉండదు. ఆ రెండూ తీసేస్తే గడ్డి కోసే ఒక నలభై దాటిన మనిషి మిగులుతాడు. విప్పకపోతే శనివారం ఆ పిల్ల మళ్ళీ గాల్లోకి ఎగురుతుంది.

"నేను కూడా అలాంటి గోల్ కొట్టాను" అన్నాడు.

"ఈయన కూడా అలాంటి గోల్ కొట్టారు, దేవునికి స్తోత్రం!" అన్నాడు రవికుమార్.

"దెబ్బ తగిలి పడిపోయాను. లేపి మళ్ళీ ఆడించారు."

"దెబ్బ తగిలింది, పడిపోయారు, ప్రభువు లేపాడు, స్తోత్రం!"

"ప్రభువు కాదు. మా కోచ్" అన్నాడు హసింతో. "నాకు ఆ గోల్ గుర్తులేదు. ఒక్క క్షణం కూడా. అది కొట్టింది నేనేనని పేపర్లో చూసి తెలుసుకున్నాను. ఇన్నేళ్ళూ అందరికీ అబద్ధం చెప్పాను."

రవికుమార్ ఈసారి స్తోత్రం అనలేదు. తగ్గిన గొంతుతో ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆ రోజు ఎవరైనా నన్ను బయట కూర్చోబెట్టి ఉంటే నా భార్య నాతో ఉండేదేమో. ఈ దీపాలు చూడగలిగేవాణ్ణేమో. మూర్ఛపోయినవాడు లేస్తే అది అద్భుతం అనుకుంటాం. వాణ్ణి మళ్ళీ ఆడించడం అద్భుతం కాదు. అన్యాయం."

తెలుగులో ఆ మాటలు పూర్తయ్యేసరికి మణి లేచి నిలబడింది. నడవలో నడుచుకుంటూ వచ్చి కూతురు ముందు కూర్చుంది.

"పెర్సీ. ఇటు చూడు నాన్నా. నిన్న గోల్ కొట్టింది నీకు గుర్తుందా?"

"మమ్మీ, ప్లీజ్..."

"గుర్తుందా, లేదా?"

పెర్సిస్ భోరుమంది. "లేదు మమ్మీ. తల చాలా నొప్పి ఉంది. ఫైనల్ ఆడాలి నేను!"

"మీరు నాతో ఏం చెప్పారండీ?" అంది మణి మొగుడి వైపు తిరిగి. జయరాజు మైకు స్టాండు పట్టుకునే ఉన్నాడు.

బిరియానీ నిజంగానే చల్లారిపోయింది.

మణి ఆ సాయంత్రమే కూతుర్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. దెబ్బకి లోపల మెదడు కదిలింది, కంకషన్ అన్నాడు. ఆట మాట ఎత్తొద్దు, చదువు కూడా కొన్నాళ్ళు ఆపమన్నాడు. ఫైనల్లో జట్టు ఓడిపోయింది. పెర్సిస్ హసింతోతో మాట్లాడటం మానేసింది. "నేను చెప్పొద్దన్నాను" అని ఒక్కమాట అని వెళ్ళిపోయింది. నీ గుట్టు నేను విప్పలేదని అతను వాదించలేదు.

చర్చి సంగతి విని బ్రెంట్ గోడ మీద ఫొటో తీసి బల్లమీద పెట్టాడు. "పిల్లల్ని భయపెడితే క్లబ్బు నడవదు హసింతో. ఇకనుంచి గడ్డి చూసుకో, చాలు." బుధవారాలు పోయాయి. జయరాజు ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. "ఆయన మా సాక్ష్యం పాడుచేశాడండీ" అనేవాడు ఎవరైనా అడిగితే.

మేలో ఫోన్ వచ్చింది. "చెప్పు హసింతో, ఎలా కొట్టావు?" అతను చెప్పాడు, నాకు తెలియదని. అవతల పెద్దగా నవ్వారు. "ఇక్కడ మేం తాగితే అక్కడ నీకెక్కిందా?" అన్నారు. అతను మళ్ళీ చెప్పాడు. నవ్వు ఆగింది. గ్లాసుల చప్పుడు కూడా ఆగింది. ఎవరో నెమ్మదిగా ఫోన్ పెట్టేశారు. మరుసటి మేలో అతను పనికి సెలవు పెట్టి ఫోన్ పక్కన కూర్చున్నాడు. పొద్దుటి రైళ్ళు వెళ్ళాయి. సాయంత్రం రైళ్ళు వచ్చాయి. ఫోన్ మోగలేదు.

కానీ ఆ ఏడాదే ఒక సంగతి జరిగింది. పెర్సిస్ కోలుకుని మళ్ళీ ఆడుతోంది. ఒక శనివారం అవతలి జట్టులో ఒక పిల్ల తల పట్టుకుని కూలబడి, మళ్ళీ లేచి పరిగెత్తబోయింది. గీత పక్కనుంచి జయరాజు తోలు బూట్లతోనే మైదానంలోకి దూకాడు. "తల! తల! ఆపండయ్యా! ఆ పిల్లని బయటికి తియ్యండి!" అని తెలుగులో అరుస్తూ బంతిని రెండు చేతులతో పట్టేసుకున్నాడు. రిఫరీ ఎర్రకార్డు చూపించి బయటికి పంపేశాడు. ఆ పిల్లని కూడా బయటికి తీశారు. చివరి మైదానంలో గీతలు గీస్తున్న హసింతో బండి ఆపి, నల్ల కళ్ళద్దాలు తీసి, చాలాసేపు చూశాడు. జయరాజు అటే నడిచి వచ్చాడు. జయరాజు ఆ బండికి ఒక చెయ్యి వేశాడు. ఆ గీత వంకరగా వచ్చింది.

ఇది 2015. హసింతోకి యాభై. కిందటి వేసవిలో ఒకే మైదానానికి రెండు మధ్యవృత్తాలు గీశాడు. క్లబ్బు కృతజ్ఞతలు చెప్పి పంపించేసింది. మణి ఆదివారాలు చేపల పులుసు డబ్బా తీసుకెళ్తుంది. రేవు ఊరి మనిషి కదా, వాసన చూసి మొహం వెలుగుతుంది. మొన్న ఆగస్టులో పెర్సిస్ కాలేజీకి వెళ్తూ చెప్పి వెళ్దామని వచ్చింది. తెరలు దించిన గదిలో అతను దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు "మళ్ళీ ఎప్పుడొస్తావు అంపారో?" అని అడిగాడు. అది పేరు సరిదిద్దలేదు. "థాంక్స్‌గివింగ్ సెలవులకి వస్తాను కోచ్" అంది.

ఈ నవంబరులో అమెరికా సాకర్ సంఘం పదేళ్ళలోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదంది. మంచిదే. కానీ రూలు కాగితం మీద ఉంటుంది, పిల్ల మైదానంలో పడుతుంది. ఆ క్షణంలో గీత పక్కన ఉండేది మీరు. అది నేపర్‌విల్ కావచ్చు, హెర్న్‌డన్ కావచ్చు, డబ్లిన్ కావచ్చు, మనవాళ్ళ పిల్లలు ఆడే ఏ అమెరికా ఊరైనా కావచ్చు. పిల్లకి తలదెబ్బ తగిలితే "బాగానే ఉన్నావా?" అని దాన్ని అడగకండి. బాగానే ఉన్నానంటుంది. ఫైనల్ ఉన్న పిల్ల ఇంకేమంటుంది? కోచ్ మొహమాటం, పక్క తండ్రుల చూపులు, ఇవేవీ లెక్కచెయ్యకండి. లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురండి. డాక్టర్ సరేననేదాకా మళ్ళీ పంపకండి. అది లేచి గోల్ కొట్టిందని ఎవరైనా చప్పట్లు కొడుతుంటే, మీరు కొట్టకండి, ఎందుకో చెప్పండి. మీ పిల్లలాడే క్లబ్బుకి ఈ వారమే వెళ్ళి, తలదెబ్బ తగిలితే మీరేం చేస్తారని నలుగురి ముందు అడగండి. జవాబు లేకపోతే వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.